డిజైన్ సెంటర్‌కి వెళ్లేముందు: గోడలోపల ఏం పెట్టాలి, బిల్డర్ ఇచ్చే కొసరు ఎలా వాడాలి

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. టెక్సస్‌లో డాలస్ దగ్గర సెలీనాలో 6,20,000 డాలర్లకి ఇల్లు కట్టించుకుంటున్నారు, కాంట్రాక్ట్ మీద సంతకం అయింది, స్ట్రక్చరల్ ఆప్షన్స్ (గదులు, గోడల్లాంటి కట్టుబడి మార్పులు) తేల్చడానికి పది రోజులు టైమిచ్చారు, ఆ తర్వాతి శనివారం డిజైన్ సెంటర్, అంటే లోపలి సరుకంతా ఎంచుకునే బిల్డర్ షోరూమ్. వాళ్ళ లెండర్ దగ్గరే లోన్ తీసుకుంటే 30,000 ఫ్లెక్స్ క్యాష్ (ఇంటి ఖర్చుల్లోనే వాడుకునే ప్రోత్సాహకం) ఇస్తామన్నారు. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఐదారు నెలలు ఉండి వెళ్తుంటారు. మీ ఆవిడకి కిచెన్ ముఖ్యం, మీకేమో మీడియా రూమ్ మీద మనసు. ఏది బిల్డర్ దగ్గర చేయించుకోవాలి, ఏది బయట, ఆ 30,000 దేంట్లో పెట్టాలి అని అడిగారు.

నేను డాలస్ నార్త్ సైడే, 2015లో ఒక ఇల్లు, 2022లో ఇంకో ఇల్లు కట్టించుకున్నా, ఈ రెండిటి మధ్యలో ఫ్రెండ్స్‌తో పాటు డిజైన్ సెంటర్లకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, ఒకచోట రిసెప్షన్ ఆవిడ నన్ను ఏజెంట్ అనుకుంది కూడా. కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

మొదటి ఇంటికి డిజైన్ సెంటర్లో 34,000 డాలర్లు వదిలించుకున్నాం. గ్రానైట్ రెండు లెవెల్స్ పైకి, బ్యాక్‌స్ప్లాష్, క్రౌన్ మోల్డింగ్, మెట్లకి ఐరన్ రైలింగ్, ఇలా కంటికి కనబడేవన్నీ. స్టవ్ మీద పొగ ఎక్కడికి పోతుందని మాత్రం ఒక్కళ్ళమూ అడగలేదు. గృహప్రవేశం అయ్యాక అమ్మ వచ్చింది, ఒక ఆదివారం క్యాట్‌ఫిష్ పులుసు పెట్టింది. పైన మాస్టర్ క్లోజెట్‌లో ఆఫీస్ షర్టులు బుధవారం దాకా అదే వాసన. చూస్తే స్టవ్ మీదున్న మైక్రోవేవ్ పొగని పీల్చి, ఒక చిన్న ఫిల్టర్ గుండా పంపించి, మళ్ళీ మన మొహం మీదకే వదుల్తోంది, బయటికి డక్టే లేదు. స్టవ్ ఉన్నది లోపలి గోడకి, పైన ఇంకో అంతస్తు, ఇప్పుడు డక్ట్ వేయాలంటే సీలింగ్ కోయాలి. కాంట్రాక్టర్ 4,800 చెప్పాడు. కట్టేటప్పుడు అడిగుంటే అందులో నాలుగో వంతు కూడా అయ్యేది కాదని తర్వాత తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

అందుకే రెండో ఇంటికి ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకున్నా: ఇది డ్రైవాల్ (గోడకి కొట్టే జిప్సమ్ బోర్డు) వెనకాల, లేదంటే స్లాబ్ (ఇంటి కింద పునాదిగా పోసే కాంక్రీట్) కింద ఉండేదా? అవునంటే బిల్డర్‌తోనే, రేటు కాస్త ఎక్కువైనా సరే. కాదంటే బయట, రెండేళ్ళు ఆగినా కొంపలేం మునగవు.

స్లాబ్ సంగతి ముందు చెప్తా, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే నెర్రెలు బారుద్ది. అందుకని ఇక్కడ కొత్త ఇళ్ళకి ఎక్కువగా పోస్ట్ టెన్షన్ స్లాబ్ వేస్తారు, అంటే కాంక్రీట్ లోపల స్టీల్ కేబుల్స్ పరిచి, కాంక్రీట్ గట్టిపడ్డాక వాటిని జాకీతో లాగి బిగిస్తారు. ఆ స్లాబ్‌ని తర్వాత ఇష్టమొచ్చినట్టు కోయడానికి లేదు. కేబుల్ తెగితే ప్రమాదం, స్లాబ్ బలమూ పోద్ది, స్కాన్ చేయించి కేబుల్స్ ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని గానీ ముట్టుకోకూడదు. కాబట్టి లివింగ్ రూమ్ మధ్యలో సోఫా కింద ప్లగ్ కావాలన్నా, ఐలాండ్‌లో సింక్ కావాలన్నా, కింద పౌడర్ బాత్‌ని (స్నానానికి వీల్లేని టాయిలెట్) ఫుల్ బాత్ చేయాలన్నా కాంక్రీట్ పోయకముందే చెప్పాలి. మేం సోఫా కింద ఫ్లోర్ ప్లగ్ పెట్టించాం, 400 లోపే అయింది, ఏడాదికి మూడొందల అరవై ఐదు రోజులూ వాడతాం. మొదటింట్లో పెట్టిన ఐరన్ రైలింగ్‌ని ఇన్నేళ్ళలో ఒక్కడూ మెచ్చుకోలేదు.

ఇప్పుడు మీ అమ్మానాన్న గురించి. మీ ప్లాన్‌లో కింద గెస్ట్ బెడ్రూమ్ ఉందన్నారు, దానికి అటాచ్డ్ ఫుల్ బాత్ ఉందా, లేక హాల్లోకి వచ్చి వాడుకునే బాత్రూమా, అది చూడండి ముందు. టబ్ ఇస్తే వద్దని చెప్పి షవర్ అడగండి, గట్టు తక్కువ ఉండేది. డెబ్బై ఏళ్ళ మనిషి టబ్ అంచు దాటుకుని దిగడం ఎంత కష్టమో మా నాన్న మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక చూశా. ఆ షవర్ గోడలోపలా టాయిలెట్ పక్క గోడలోపలా చెక్క బ్లాకింగ్ పెట్టమనండి, అంటే స్టడ్స్ (గోడలోపలి నిలువు చెక్కలు) మధ్యలో అడ్డంగా 2 బై 8 చెక్కలు కొట్టి వదిలేస్తారు, రేపు పట్టుకునే కడ్డీ బిగించాలంటే స్క్రూకి పట్టు దొరుకుద్ది. వట్టి డ్రైవాల్‌కి కడ్డీ బిగిస్తే మనిషి బరువు పడగానే ఊడి చేతికొస్తుంది. మా బిల్డర్ దీనికి లిస్ట్‌లో ధరే లేదన్నాడు, ఆప్షన్ కాదు కాబట్టి కుదరదన్నాడు. సూపర్‌వైజర్‌ని సైట్‌లో కలిసి ఒక డబ్బా మైసూర్ పాక్ ఇచ్చి అడిగితే ఫ్రేమింగ్ వాళ్ళతో ఐదు నిమిషాల్లో కొట్టించాడు. లిస్ట్‌లో లేనివి సేల్స్ ఆఫీస్‌లో కాకుండా సైట్‌లో అడగండి, కానీ చిన్నవే అడగండి, లోడ్ బేరింగ్ గోడలు (ఇంటి బరువు మోసేవి) జరపమంటే ఏ సూపర్‌వైజరూ చెయ్యడు, చెయ్యకూడదు కూడా.

ఇంకోటి, టాయిలెట్ పక్కన కరెంట్ ప్లగ్. నవ్వకండి. మన వాళ్ళకి నీళ్ళు లేకపోతే కుదరదు, మామూలు హ్యాండ్ స్ప్రే అయితే కమోడ్ నీళ్ళ లైన్‌కి ఎప్పుడైనా తగిలించుకోవచ్చు, కానీ ఎలక్ట్రిక్ బిడే సీట్ పెట్టాలంటే ప్లగ్ ఉండాలి. అన్ని బాత్రూముల్లోనూ పెట్టించండి, ఎలక్ట్రికల్ వాక్ (ప్లగ్‌లు ఎక్కడెక్కడో సైట్‌లో తిరిగి చూసుకోవడం) జరిగేటప్పుడు చెప్తే చాలు.

కిచెన్ దగ్గర నేను కాసేపు ఆగుతా, మన ఇళ్ళల్లో గొడవంతా ఇక్కడే. హుడ్ (స్టవ్ మీద పొగ లాగేది) బయటికి డక్ట్ అవుతుందా అని అడగండి, "అవును" అని నోటితో చెప్తే ఒప్పుకోకండి, ఆప్షన్ షీట్ మీద వెంటెడ్ టు ఎక్స్‌టీరియర్ అని రాయించండి. తర్వాత సీఎఫ్ఎం ఎంత అని అడగండి, అది నిమిషానికి ఎంత గాలి లాగుద్దో చెప్పే లెక్క. పోపు ఘాటుకి, మిరపకాయ బజ్జీలకి 300 అయితే నీరసంగా ఉంటుంది, 400 దగ్గర సర్దుకుపోవచ్చు. 400 దాటితే చాలా ఊళ్ళ కోడ్‌లో మేకప్ ఎయిర్ అడుగుతారు, లోపలి గాలినంతా బయటికి లాగేస్తే అంత గాలి మళ్ళీ లోపలికి రావడానికి దారి ఉండాలన్నమాట, ఇంట్లో గ్యాస్ వాటర్ హీటర్ లాంటివి ఉంటే ఆ పొగ వెనక్కి ఇంట్లోకి లాగే ప్రమాదం ఉంది కాబట్టి అది తీసిపారేసే రూల్ కాదు. ఇంకా హుడ్ వెడల్పు స్టవ్ కంటే తక్కువ ఉండకూడదు, ముందు రెండు బర్నర్ల మీదకి వచ్చేంత లోతు ఉండాలి, మనం పెద్ద గిన్నెలన్నీ ముందు బర్నర్ మీదే పెడతాం కదా.

స్పైస్ కిచెన్ (ఘాటు వంటలకి విడిగా ఉండే చిన్న వంటగది) ఆప్షన్ మీ ప్లాన్‌లో ఉందని రాశారు, 19,000 అన్నారు. మన వాళ్ళు ఎక్కువ కొనే కమ్యూనిటీల్లో ఇది బిల్డర్లకి బాగా అలవాటైపోయింది. నా అభిప్రాయం సూటిగా చెప్తా. దానికి తలుపు, సొంత హుడ్, బయటికి డక్ట్, స్టవ్‌కి గ్యాస్ లైన్ లేదా 240 వోల్ట్ లైన్, ఇవన్నీ ఉంటే తీసుకోండి, ఇరవై ఏళ్ళు మీ ఆవిడ మిమ్మల్ని తలుచుకుంటుంది. ఇందులో ఒక్కటి లేకపోయినా అది సింక్ ఉన్న ప్యాంట్రీ మాత్రమే, దానికి 19,000 దండగ. మా ఫ్రెండ్ ఒకడు డబ్బులెందుకులే అని గరాజ్‌లో పోర్టబుల్ గ్యాస్ స్టవ్ పెట్టి వేపుళ్ళు చేయించేవాడు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి, మూసిన గరాజ్‌లో కార్బన్ మోనాక్సైడ్ తెలీకుండా ప్రాణం తీస్తుంది. దానికి బదులు వెనక ప్యాటియోలోకి గ్యాస్ స్టబ్ (స్టవ్ తగిలించుకునే గ్యాస్ పైపు కొస) ఒకటి పెట్టించుకోండి, ఇది కూడా గోడలోపలి సరుకే.

క్యాబినెట్స్ విషయంలో లేఅవుట్‌కి డబ్బు పెట్టండి, రంగుకీ హ్యాండిల్స్‌కీ వద్దు. కింద షెల్ఫులకి బదులు లాగే డ్రాయర్లు, పైన 42 ఇంచులవి, ఇవి తర్వాత మ్యాచ్ చేయడం నరకం. కౌంటర్‌టాప్ వాళ్ళు ఇచ్చే మొదటి లెవెల్ చాలు. తెల్ల మార్బుల్ జోలికి పోకండి, పసుపు ఒక్క రాత్రి ఉంటే ఆ మరక మీ ఇంటి పేరు లాగా నిలిచిపోద్ది.

మీడియా రూమ్‌కి గోడ, తలుపు, వైరింగ్ బిల్డర్‌తో, మిగతావి (స్క్రీను, స్పీకర్లు, కుర్చీలు) బయట. డిజైన్ సెంటర్లో ఆ ప్యాకేజ్ రేటు చూస్తే మీకే నవ్వొస్తుంది.

కరెంటువి గబగబా చెప్పేస్తా: గరాజ్‌లో ఈవీకి 50 యాంప్ లైన్ (ఇప్పుడు టెస్లా లేకపోయినా సరే), అన్ని బెడ్రూముల్లో ఫ్యాన్ బరువు మోసే బాక్స్, ప్రతి టీవీ గోడకీ ఆఫీస్ రూమ్‌కీ క్యాట్ 6 (ఇంటర్నెట్ కేబుల్), అటక నుంచి గరాజ్ దాకా ఒక ఖాళీ కాండ్యూట్ (తర్వాత వైర్లు దూర్చే గొట్టం), చూరు కింద స్విచ్‌తో ప్లగ్‌లు. ఈ చివరిది వాళ్ళు క్రిస్మస్ లైట్ల కోసం పెడతారు, మనకి దీపావళి నుంచి సంక్రాంతి దాకా పనికొస్తుంది. పూజ గదికి ప్లగ్ ఒకటి, దీపం పైన స్మోక్ డిటెక్టర్ లేకుండా చూసుకోండి, మా సత్యనారాయణ వ్రతంలో పంతులుగారు హారతి ఇవ్వగానే ఇల్లంతా మోగింది. వాటర్ సాఫ్ట్‌నర్ లూప్ కూడా పెట్టించండి, ఇక్కడి నీళ్ళు గట్టివి, మెషిన్ తర్వాత కొనుక్కోవచ్చు, పైపు మాత్రం ఇప్పుడే.

బిల్డర్ దగ్గర అస్సలు తీసుకోకూడనివి నా లెక్కలో బ్లైండ్స్, ఫ్రిజ్, గరాజ్ ఎపాక్సీ, షాండ్లియర్, యాక్సెంట్ పెయింట్, టవల్ రాడ్లు. గటర్స్ చాలా బిల్డర్లు ఇవ్వరు, అవి బయట చేయించుకోండి, కానీ చేయించుకోవడం మాత్రం మానకండి, నల్లరేగడిలో చూరు నీళ్ళు ఫౌండేషన్ పక్కనే పడుతుంటే ఒక వైపు ఉబ్బి ఇంకో వైపు దిగుద్ది. పైన బెడ్రూముల కార్పెట్ వాళ్ళిచ్చిందే ఉంచండి.

లాట్ గురించి మీరు అడగలేదు గానీ, ఈస్ట్ ఫేసింగ్‌కి 12,000 ప్రీమియం కట్టామని రాశారు కాబట్టి చెప్తున్నా. వాస్తు చూసుకుని తూర్పు ముఖం కొన్నారు, మంచిదే, అంటే మీ బ్యాక్‌యార్డ్ పడమర. జులైలో సాయంత్రం ఐదింటికి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండ నేరుగా మీ ప్యాటియో మీద, లివింగ్ రూమ్ అద్దాల మీద. ఎక్స్‌టెండెడ్ కవర్డ్ ప్యాటియో ఆప్షన్ ఉంటే మీకు అది షోకు కాదు, అవసరం. రూఫ్ ఇంటి రూఫ్‌తో కలిసి ఉండాలి కాబట్టి ఇది బిల్డర్‌తోనే.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం.

రైతుబజార్లో వంకాయలు కొంటే కొత్తిమీర కట్ట కొసరు వేస్తాడు చూడండి, ఆ కట్ట ధర వంకాయల్లో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. బిల్డర్ ఇన్సెంటివ్ కూడా అంతే. వాడు ధర 30,000 తగ్గించడానికి మామూలుగా ఒప్పుకోడు గానీ 30,000 ఫ్లెక్స్ క్యాష్ సంతోషంగా ఇస్తాడు, ఎందుకంటే ధర తగ్గితే ఆ కమ్యూనిటీలో తర్వాతి ఇంటి అప్రైజల్‌కి (లోన్ కోసం ఇంటి విలువ కట్టడం) మీ తక్కువ ధర పోలికగా వచ్చి కూర్చుంటుంది. కొసరు ఎంతిచ్చినా కాంట్రాక్ట్ ధర మాత్రం చెక్కుచెదరదు.

ఆ 30,000 మూడు దారుల్లో వాడొచ్చు, ధరలో (ఒప్పుకుంటే), వడ్డీ రేటులో, ఆప్షన్స్‌లో. క్లోజింగ్ (ఇల్లు మన పేరు మీదకి మారే రోజు) ఖర్చులు రేటు ఖాతాలోనే అనుకోండి. లెక్క ఒకసారి వేద్దాం, సులువుగా ఉండటానికి లోన్ 5,00,000, 30 ఏళ్ళు, 6.5 శాతం అనుకుందాం. నెలకి అసలూ వడ్డీ కలిపి 3,160 అవుద్ది. అదే 5.5 శాతమైతే 2,839. అంటే ఒక్క శాతం శాశ్వతంగా తగ్గితే నెలకి 321 మిగులు. ధరలోనే 30,000 తగ్గి ఆ మేరకి లోన్ తగ్గితే నెలకి 190 మిగులు. చూడ్డానికి రేటే నయం. కానీ రెండేళ్ళలో రేట్లు పడి రీఫైనాన్స్ చేశారనుకోండి (కొత్త లోన్‌తో పాతది తీర్చేయడం), రేటు కోసం పెట్టిన డబ్బు ఆ రోజుతో సరి, ధరలో తగ్గింది మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

2-1 బైడౌన్ అని ఇంకోటి చెప్తారు, మొదటి ఏడాది రెండు శాతం తక్కువ, రెండో ఏడాది ఒక శాతం తక్కువ, మూడో ఏడాది నుంచి అసలు రేటు. పైన చెప్పిన లోన్ మీద మొదటి ఏడాది 2,533, రెండో ఏడాది 2,839, తర్వాత 3,160. మొత్తం మిగిలేది రెండేళ్ళలో కలిపి 11,400 దగ్గర, అంతే. దీనికోసం 30,000 మొత్తం వాడేశామని సేల్స్ ఆవిడ అంటే మిగతా 18,600 ఎటుపోయాయో కాగితం మీద అడగండి. లోన్‌కి మీ అర్హత కూడా పూర్తి రేటు మీదే చూస్తారు కాబట్టి మూడో ఏడాది ఆ 3,160 కట్టగలమా అనేది ఇప్పుడే చూసుకోండి.

పెద్ద బిల్డర్లు బోలెడు ఇళ్ళకి ఒకేసారి రేటు కమిట్‌మెంట్ కొనిపెట్టుకుంటారు, అందుకని "3.99 శాతం" అనే బోర్డులు కనిపిస్తాయి, అంత తక్కువ రేటు మనం విడిగా అదే డబ్బుకి కొనలేం. అయితే అవి ఎక్కువగా రెడీగా ఉన్న ఇళ్ళకి, ఫలానా తేదీలోపు క్లోజ్ అయ్యేవాటికి. మీది ఇప్పుడు పునాది కూడా పడలేదు, ఏడెనిమిది నెలల తర్వాత క్లోజింగ్, కాబట్టి మీకు ఆ బోర్డు రేటు వర్తిస్తుందా, రేటు లాక్ (ఆ రేటు మారకుండా ఖాయం చేయడం) ఎప్పుడు మొదలవుద్ది, లాక్ గడువు దాటితే పొడిగింపు ఖర్చు ఎవరిది, ఈ మూడూ రాతలో తీసుకోండి. ఇల్లు లేటయ్యేది వాళ్ళవల్ల, ఫీజు కట్టేది మనం, మా కొలీగ్ ఒకడికి ఇలాగే చేతి చమురు వదిలింది.

వాళ్ళ లెండర్‌నే వాడాలని బిల్డర్ బలవంతం చెయ్యలేడు, ఫెడరల్ చట్టం రెస్పా ఒప్పుకోదు. కానీ వాడితే డిస్కౌంట్ ఇస్తా అనొచ్చు, అది చెల్లుతుంది, అందుకే అందరూ ఇదే పద్ధతి. మీరు చేయాల్సింది ఏంటంటే ఒకే రోజు వాళ్ళ దగ్గరా బయట ఇద్దరి దగ్గరా అప్లై చేసి లోన్ ఎస్టిమేట్ తెప్పించుకోండి, అప్లికేషన్ ఇచ్చాక మూడు బిజినెస్ రోజుల్లో ఇవ్వాలి. అందులో రెండో పేజీలో ఎ సెక్షన్ చూడండి, ఒరిజినేషన్ ఛార్జీలు (లోన్ ఇచ్చినందుకు ఫీజు), పాయింట్లు (రేటు తగ్గించడానికి ముందే కట్టేవి, ఒక పాయింట్ అంటే లోన్‌లో ఒక శాతం) అక్కడుంటాయి. నేను చూసిన ఒక కేసులో 15,000 ఇన్సెంటివ్ ఇచ్చి, రేటు బయటివాడి కంటే 0.375 శాతం ఎక్కువ పెట్టి, పైన ఒక పాయింట్ వేశారు. ఇచ్చినట్టే ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం. టైటిల్ ఇన్సూరెన్స్ (ఇంటి హక్కు మీద తీసుకునేది) ప్రీమియం మాత్రం టెక్సస్‌లో ఏ కంపెనీలో అయినా ఒకటే, రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ ఫిక్స్ చేస్తుంది, దానిమీద బేరమాడి టైమ్ వేస్ట్ చేసుకోకండి, ఎవరు కడతారు అన్నదాని మీద ఆడండి. మీరు హెచ్1బీ అయితే ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉండే లోన్) మాట మర్చిపోండి, 2025 మే 25 నుంచి అది పర్మనెంట్ రెసిడెంట్లకీ సిటిజన్లకీ తప్ప దాదాపు ఆపేశారు, కన్వెన్షనలే (ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్) దారి.

ఇంకో మెలిక ఉంది, ఇది చాలామందికి క్లోజింగ్ టేబుల్ దగ్గర తెలుస్తుంది. మీరు ఉండే ఇంటికి కన్వెన్షనల్ లోన్ అయితే బిల్డర్ మీ క్లోజింగ్ ఖర్చులకీ రేటుకీ ఎంత ఇవ్వొచ్చో ఫ్యానీ మే (లెండర్ల దగ్గర లోన్లు కొనే సంస్థ) పరిమితి పెట్టింది. డౌన్ పేమెంట్ 10 శాతం కంటే తక్కువైతే ధరలో 3 శాతం, 10 నుంచి 25 లోపు అయితే 6, 25 ఆపైన 9. మీ 6,20,000 మీద 5 శాతం డౌన్ అయితే 18,600 దాకానే, 20 శాతం డౌన్ అయితే 37,200 దాకా. పైగా అది అసలు ఖర్చుల కంటే ఎక్కువ ఉండకూడదు, మిగిలితే చేతికి క్యాష్ ఇవ్వరు. కాబట్టి మీ ఖర్చులూ పాయింట్లూ కలిపి 21,000 అయితే మిగతా 9,000 ఆవిరైపోకముందే డిజైన్ సెంటర్ క్రెడిట్‌గానో ధరలోనో మార్పించుకోవాలి. అడెండమ్ (ఈ 30,000 షరతుల అదనపు కాగితం) మీద ఇంకా సంతకం పెట్టలేదన్నారు కాబట్టి అడగాల్సింది ఇప్పుడే: "వాడకుండా మిగిలింది ఆప్షన్స్‌లోకి మార్చుకోవచ్చు" అనే ఒక్క లైన్ రాయించండి.

డిజైన్ సెంటర్లో మీకు తప్పకుండా వినపడే మాట ఇంకోటి, "10,000 అప్‌గ్రేడ్ అంటే నెలకి 63 డాలర్లే సర్" అని. నిజమే, 6.5 మీద నెలకి 63 చిల్లరే. ముప్ఫై ఏళ్ళకి కడితే అది 22,700 దాటుతుంది, పైగా ఏటా ప్రాపర్టీ టాక్స్ దాని మీద కూడా. ఇంకా పెట్టిన ప్రతి డాలరూ అప్రైజల్‌లో కనపడదు, ఇల్లు కాంట్రాక్ట్ ధరకి తక్కువ పలికితే ఆ తేడా జేబులోంచే. ఆప్షన్స్‌కి ముందుగా కట్టించుకునే డిపాజిట్ కూడా మామూలుగా వెనక్కి రాదు, ఉద్యోగం పోయినా, ఊరు మారినా. వీసా మీద ఉన్నవాళ్ళు ఇది రెండుసార్లు చదువుకోండి.

టాక్స్ దగ్గర ఒక దెబ్బ కాసుక్కూచుని ఉంటుంది. టెక్సస్‌లో జనవరి 1న ఏముంటే దానిమీద ఆ ఏడాది టాక్స్. మీ ఇల్లు ఆ రోజుకి ఖాళీ స్థలమైతే మొదటి ఏడాది టాక్స్ స్థలానికే వస్తుంది, లెండర్ కూడా దాన్నే పట్టుకుని ఎస్క్రో (టాక్స్, ఇన్సూరెన్స్ కోసం కిస్తీతో పాటు కట్టించుకునే డబ్బు) తక్కువ కట్టిస్తే నెల కిస్తీ ముద్దుగా కనపడుద్ది. రెండో ఏడాది పూర్తి ఇంటి మీద బిల్లు వచ్చి ఎస్క్రో షార్టేజ్ లెటర్ వస్తుంది, 2-1 బైడౌన్ తీసుకుని ఉంటే సరిగ్గా అప్పుడే రేటు కూడా పెరుగుతుంది, రెండూ కలిసి తడిసి మోపెడవుద్ది. మీ లాట్ మడ్‌లోనో (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) పిడ్‌లోనో (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) ఉందా అని కూడా అడగండి, రోడ్లకీ నీళ్ళ లైన్లకీ చేసిన అప్పు తీర్చడానికి ఇంటి ఓనర్ల మీద వేసే భారం అది, కొనేవాళ్ళకి నోటీస్ ఇవ్వాల్సిందే, దాన్ని చదవకుండా సంతకం పెట్టకండి. దిగగానే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (మనం ఉండే సొంతింటికి టాక్స్ మినహాయింపు) వేసుకోండి, స్కూల్ టాక్స్‌కి 1,40,000 విలువ తగ్గుతుంది, సిటిజన్ కానక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్స్ మీద కొత్త అడ్రస్ ఉండాలి.

బేరం ఎప్పుడాడాలి అంటే, పెద్ద కంపెనీలకి లెక్కల ఏడాది ముగిసేముందు. డీఆర్ హార్టన్‌కి సెప్టెంబర్ 30, టోల్ బ్రదర్స్‌కి అక్టోబర్ 31, లెనార్‌కి నవంబర్ 30. ఆ టైమ్‌లో రెడీ ఇళ్ళ మీద చేతులు వదులవుతాయి. మీరు సంతకం చేసేశారు కాబట్టి ఇది మీకు ఆలస్యమే, తర్వాత చదివేవాళ్ళ కోసం రాస్తున్నా. వాళ్ళకే ఇంకోటి: మన తెలుగు ఏజెంట్లు కమిషన్‌లో రిబేట్ ఇస్తారు, మొదటిసారి మోడల్ హోమ్‌కి వెళ్ళినప్పుడే ఏజెంట్ పేరు రాయించకపోతే బిల్డర్ తర్వాత ఒప్పుకోడు, రిబేట్ లెండర్‌కి చెప్పి క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో (లోన్ చివరి ఖర్చుల కాగితం) కనపడేలా తీసుకోవాలి, కవర్లో పెట్టి ఇస్తా అంటే వద్దనండి.

చివరిగా పని జరిగేటప్పుడు. డ్రైవాల్ వేసే ముందు సొంత ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి, మాకు కొత్తింట్లో పైబాత్రూమ్ ఫ్యాన్ డక్ట్ అటకలోనే వదిలేసి ఉండటం అప్పుడే దొరికింది. అదే రోజు సాయంత్రం గదిగదికీ ప్రతి గోడకీ టేపు పట్టుకుని వీడియో తీయండి, మూలనుంచి ఎన్ని ఇంచుల్లో పైపు, ఎన్ని ఇంచుల్లో వైరు అని నోటితో చెప్తూ. మూడేళ్ళ తర్వాత టీవీ బిగించేటప్పుడు నేను ఆ వీడియోనే చూశా, మేకు కొట్టబోయే చోటికి రెండు ఇంచుల పక్కనే నీళ్ళ పైపుంది. వారంటీ మామూలుగా ఏడాది పనితనానికి, రెండేళ్ళు పైపులూ వైర్లూ ఏసీకి, పదేళ్ళు స్ట్రక్చర్‌కి ఉంటుంది, అందుకని పదకొండో నెలలో ఇంకోసారి ఇన్‌స్పెక్షన్ చేయించి లిస్ట్ ఇచ్చేయండి.

శనివారం పిల్లల్ని ఎవరింట్లోనైనా వదిలి వెళ్ళండి, మూడు నాలుగు గంటలు పడుద్ది, మూడో గంటకి మనిషి అలిసిపోయి అన్నిటికీ సరే అంటాడు. డౌన్ పేమెంట్ ఎంత శాతమో, స్టవ్ బయటి గోడకుందో లోపలి గోడకుందో చెప్పండి, ఆ 30,000 ఎలా పంచాలో లెక్కేసి పెడతా.